నాలుగు అర్రల ఇల్లు

కోరుట్ల బస్టాండు గేటు దాటి బస్సు పెద్దరోడ్డు ఎక్కిందో లేదో, వర్ష తల వచ్చి వసంత భుజం మీద వాలింది. పదిహేడేండ్ల పిల్ల, పక్కన నిలబడితే తల్లి కంటే పొడుగు, కానీ బస్సెక్కితే చాలు చంటిపిల్లయితది. పిల్ల నిద్ర చెదరకుండా వసంత ఒళ్ళోని సంచిని మెల్లగా దగ్గరికి జరుపుకుంది. అందులో నల్లటి జిప్పు కవరులో ఒక పుస్తకం. కాళ్ళ సందున ఇంకో సంచి, బరువుది, దాన్నిండా లావు లావు పుస్తకాలు. ఒళ్ళోది ఒక దారి, కాళ్ళకాడిది ఒక దారి. జగిత్యాల చేరేలోపల ఏ దారో తేల్చుకోవాలె. ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు పేరు రాయించేందుకు ఇయ్యాలే ఆఖరు. ఒకసారి గ్రూపు రాయిస్తే మళ్ళీ మార్చరట. బస్టాండులో శ్రీలతక్క నిలబడి ఉంటది. ఆమె అడగబోయే మొదటి మాట వసంతకు ఇక్కడి నుంచే వినబడుతున్నది. "ఏమనుకున్నవు చెల్లె?" ఏమనుకుంది? ప్రభువా, నువ్వన్నా చెప్పు. చెప్పినవేమో, నాకే వినబడలేదేమో. ఈ బస్సు చప్పుడులో ఏం వినబడతది.

రాత్రి కురిసిన వాన ఇంకా ఆరలేదు. కిటికీలోంచి తడిమట్టి వాసన, దాంతోపాటు వర్ష చున్నీలోంచి తంబాకు వాసన. ఎన్ని సబ్బులు పెట్టి ఉతికినా ఆ వాసన పోదు, ఆ ఇంట్లో బట్టలకే కాదు, పుస్తకాలకు కూడా అంటుకుంది. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని వసంత తునికాకు కత్తిరిస్తుంటే ఎదురుగా గోడకానుకుని కూర్చుని వర్ష గట్టిగా పాఠం చదివేది. అట్ల మొదలైంది వాళ్ళ బడి. కరోనాలో స్కూళ్ళు మూసినప్పుడు ఊరంతా పిల్లలకు ఫోన్లు కొనిపెట్టింది. వసంత ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మస్కట్‌లో ఉన్న పెనిమిటి మహేందర్‌తో మాట్లాడటానికే సరిపోయేది. ఇక చేసేదేముంది, "బిడ్డా, నువ్వు సదువు, నేనింట," అన్నది. ఆకు కత్తిరించే చేతికి చెవులతో పని లేదు కదా. పిల్ల చదువుతుంటే ఈమె ఆపి ఆపి అడిగేది. భిన్నం అంటే ఏంది? రొట్టె తుంచి చూపించేది వర్ష. అక్షాంశం అంటే? బీడీకట్టకు దారం చుట్టినట్టు భూమికి అడ్డం గీసిన గీత అమ్మా అనేది. స్కూళ్ళు మళ్ళీ తెరిచే నాటికి పిల్ల ఎంత ముందుకు పోయిందంటే, పంపాలని తల్లికి, పోవాలని పిల్లకు అనిపించలేదు. అప్పుడే దేవుడు శ్రీలతక్కను పంపిండు.

దేవుడే పంపిండు, దాంట్లో అనుమానం లేదు. లేకపోతే జగిత్యాలలో ఉండే పాస్టరమ్మకు కోరుట్లలో బీడీలు చేసుకునే వసంతతో ఏం పని? ఇంటి దగ్గర చదువుకునే విశ్వాసుల పిల్లల కోసం ఆమె ఒక చిన్న గుంపు పెట్టింది, ఐదారు కుటుంబాలు, నెలకోసారి కలుసుకునేటోళ్ళు. ఏ తరగతికి ఏ పుస్తకం, పరీక్ష ఎక్కడ, ఎట్ల, అన్నీ ఆమే చూసింది. వర్ష పదో తరగతి ఓపెన్‌లో పాసైనప్పుడు స్వీట్లు పంచింది శ్రీలతక్కే, వసంత కంటే ముందే ఏడ్చింది కూడా శ్రీలతక్కే. అంత మేలు చేసిన మనిషి ఇచ్చిన పుస్తకాలు ఇప్పుడు కాళ్ళకాడ ఉన్నయి. పోయిన నెల ఆమే మోసుకొచ్చి ఇచ్చింది. ఇంగ్లీషువి, మెరిసే కాగితం, ప్రతి పాఠానికి ముందు ఒక ప్రార్థన. బొమ్మల్లో చెక్కతో కట్టిన ఇండ్లు, ఇండ్ల మీద మంచు, మంచులో ఆడుకునే పిల్లలు. వేళ్ళతో తడిమి చూసుకుంది వసంత. ఎంత నున్నగ ఉందో కాగితం. "బైపీసీ వద్దు చెల్లె, ఆర్ట్స్ రాయించు, దాంతోపాటు ఈ సెట్టు చదివియ్యి. ఇంగ్లీషు వస్తది, భక్తి నిలబడతది, టీచరయితది," అన్నది శ్రీలతక్క. మంచి మాటే. అన్నీ మంచి మాటలే. కాకపోతే ఆ పుస్తకం చదివితే వసంతకు ఒక్క ముక్క అర్థం కాదు. చాట ముందు కూర్చుని వినేది ఇక ఉండదు. ఈ సంగతి ఎవ్వరికీ చెప్పలేదు. చెబితే నవ్వరా? పిల్ల చదువు ముఖ్యమా, నువ్వు వినుడు ముఖ్యమా అనరా? తన మనసు తనకే సరిగ తెలియదు. పిల్ల కోసం వద్దనుకుంటున్నదా, తన కోసం వద్దనుకుంటున్నదా?

"ఏం వసంతా, తల్లిబిడ్డలు సంచులు సర్దుకోని యాడికో పోతున్నరు, మస్కట్‌కేనా?"

పక్క సీట్లో కూలబడుతూ అన్నది సరోజన. వీధి చివర ఇల్లు ఆమెది. ఒళ్ళో కొబ్బరికాయల సంచి, కొప్పులో బంతిపూలు. మంగళవారం కదా, కొండగట్టు పోతున్నట్టుంది.

"జగిత్యాలకే వదినె. పిల్లకు ఇంటర్ రాయియ్యాలె."

"ఇంట్లనే సదువుతదిగద నీ బిడ్డ. ఇంట్ల గూడ ఇంటరుంటదానె?"

"ఉంటది వదినె. ఇంట్ల సదువుకోని పరీక్షకు పోతది."

"మరి సారెవ్వలు?"

"నేనే."

సరోజన కొబ్బరికాయల సంచి కింద పెట్టి మరీ నవ్వింది. "నువ్వు ఏడు సదివితివి! నాకెరుక లేదా?"

"ఏడు దాక నేను చెప్పిన వదినె. ఆ తర్వాత అదే నాకు చెప్పవట్టె."

సరోజన నవ్వు ఆగింది. వర్ష ముఖంలోకి చూసింది, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్న పిల్ల. "మా పోరన్ని హాస్టల్ల ఏస్తిమి," అన్నది గొంతు తగ్గించి. "ఫోన్ జేసినప్పుడల్లా ఏడుస్తడు. మంచిగ సదువుతున్నవా బిడ్డా అంటె ఊ అంటడు, గంతే. నీ బిడ్డ నీ భుజం మీద పన్నది. నీ అదృష్టం గది." కొప్పులో పూలు సర్దుకుని మళ్ళీ తనే అన్నది. "స్వామికి నీ బిడ్డ పేరు మీద గూడ కొబ్బరికాయ కొడుదునా? కొడితె మీ సంఘపోళ్ళేమన్న అంటరా?"

"నీ మనసు మంచిది వదినె. నేను నీ కొడుకు కోసం ప్రార్థన చేస్త. గది మాత్రం ఎవ్వలేమనరు."

"చెయ్ తల్లీ, చెయ్. ఎవ్వలు విన్నా మంచిదే."

సరోజన కండ్లు మూసుకుంది. ఎవ్వలు విన్నా మంచిదే. ఆ మాటకు శ్రీలతక్కయితే ఏమనేదో. వసంత మాత్రం లోపల ఒక చిన్న ప్రార్థన చేసింది, సరోజన వదినె కొడుకు ఇయ్యాల ఏడవకుండా చూడు తండ్రీ అని. మోహన్‌రావుపేట దాటింది. రోడ్డుకు రెండు దిక్కుల పసుపు చేన్లు, మడులు తోలి ఉన్నయి, మొలకలు ఇంకా బయటికి రాలేదు. పసుపు చేను చూస్తే మామ గుర్తొస్తడు. పోశం మామ. ఈ చేన్లల్లో ఒక గజం కూడా ఆయనది కాదు, అయినా ఏ చేను పసుపు ఎంత పచ్చగ ఉడుకుతదో ఆయనకు తెలుసు. వద్దు, ఇప్పుడు మామను తలుచుకోవద్దు. తలుచుకుంటే అత్తమ్మ గుర్తొస్తది, అత్తమ్మ గుర్తొస్తే పోయిన మంగళవారం గుర్తొస్తది.

ఒళ్ళోని పుస్తకం సంగతి చూడాలె ముందు. జంతుశాస్త్రం. సిరిసిల్ల నుంచి వచ్చింది. అన్న వినోద్‌కు అక్కడ మరమగ్గాలున్నయి, ఆయన బిడ్డ నీల బైపీసీ చదివి నర్సయింది. వర్ష అడిగిందని తన పాత పుస్తకాలన్నీ మగ్గం మీది బూడిదరంగు గుడ్డలో మూటగట్టి పంపింది. తెలుగువి. మగ్గాల చప్పుడులో నీల ఎట్ల చదివిందో ఈ పుస్తకాలు! ఆ వీధిలో పక్కన నిలబడి పిలిచినా వినబడదు. అయినా చదివింది, ఇప్పుడు సిరిసిల్లలో దవాఖానలో చేస్తున్నది, ఆదివారం డ్యూటీ లేకుంటే మందిరంలో పాటలు పాడేది కూడా నీలే. శ్రీలతక్క భయపడ్డట్టు ఈ పుస్తకాలు పిల్లలను దేవునికి దూరం చేస్తే నీల ఎందుకు పోలేదు? మరి సంఘంలో ఇసొంటి చదువులు చదివి మందిరం మానేసిన ఆ ఇద్దరు మగపిల్లలు ఎందుకు పోయిన్రు? పుస్తకం తీసుకపోయిందా, పట్నం తీసుకపోయిందా, ఇంట్లో ఎవ్వరూ వాళ్ళ మాట వినకపోవుడు తీసుకపోయిందా? వసంతకు తెలియదు. శ్రీలతక్కకు మాత్రం తెలుసా?

అయినా ఆమె చెప్పింది తీసేసే మాట కాదు. "ఆ పుస్తకాలల్ల జీవపరిణామం పాఠం ఉంటది చెల్లె. అది నమ్మితె ఒక తిప్పలు, నమ్మకుండ పరీక్షల రాస్తె ఇంకో తిప్పలు. ఏదైనా పిల్ల మనసుకు బరువే." అందుకని వసంత ఆ పాఠం చదివించుకుంది, చాట ముందట పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా. వినేటప్పుడు గుండె దడదడలాడింది, ఏదో పాపం మాట వినబోతున్నట్టు. విన్నంక దడ తగ్గింది, ఎందుకంటే సగం అర్థం కాలేదు. "గిదంత ఎవ్వలు చూసిన్రు బిడ్డా?" అని అడిగింది. "చూడలేదమ్మా, బొక్కలు దొరికితె వాటిని చూసి చెప్పిన్రు." "ఎవ్వల బొక్కలు?" "శానా పాతయి." పాతవంటే ఎంత పాతవో వర్ష చెప్పిన లెక్క వసంత వేళ్ళకు అందలేదు. "మరి నువ్వేమంటవు?" అంటే పిల్ల పేజీ వెనుకకు తిప్పి ఆ బొమ్మను ఇంకోసారి చూసింది. తర్వాత అన్నది, "నాకు ఎరుక లేదమ్మా. దేవుడు చేసిండని ఎరుక. ఎట్ల చేసిండో సదువుతున్న." ఆ మాట మంచిదా చెడ్డదా? శ్రీలతక్కకు చెప్పుకోవచ్చునా? తనకైతే ఆ మాట నచ్చింది. నచ్చిందనే భయమైంది.

ఆ మాటకొస్తే తన బతుకు మాత్రం ఎంత తేటగా ఉంది? సంఘంలో బీడీ తాగేది పాపమని చెప్తరు. వసంత పెండ్లినాటి నుంచి బీడీలే చేస్తున్నది. వాటి పైసల్లోంచే దశమభాగం ఇస్తున్నది, మందిరం కప్పుకు రేకులు వేసింది కూడా ఇసొంటి ఆడోళ్ళ బీడీలే. చుట్టే చెయ్యి వేరు, తాగే నోరు వేరు అని ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకుంది. పాస్టరయ్య కూడా ఎన్నడు మాన్పియ్యలేదు, మానితే ఏం తింటరో ఆయనకు తెలుసు. అంటే తనకు ఒక లెక్క, పిల్లకు ఒక లెక్కనా? చుట్టి కూడా తాగకుండా ఉన్నదాని బిడ్డ, చదివి కూడా దేవుణ్ణి వదలకుండా ఉండదా? ఇట్ల అనుకోగానే తనను తనే అనుమానించింది. ఇది నిజమైన ఆలోచనేనా, లేకపోతే తనకు కావాల్సిన దిక్కుకు తానే తోసుకుంటున్నదా?

మహేందర్‌ను అడిగితే, "నువ్వు ఏదంటె గదే. దగ్గరుండి సూసేది నువ్వు," అన్నడు. మంచివాడు. అక్కడి ఎండలో బండి నడుపుతూ కూడా ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఏ వాక్యం చెప్పిన్రని అడుగుతడు. వర్షను అడిగితే, "నాకు బైపీసీ ఇష్టం. నువ్వు వద్దంటె వద్దమ్మా, మళ్ళ అడుగ," అన్నది. ఆ 'మళ్ళ అడుగ' అనే మాటే నిన్నటి నుంచి ముల్లులాగ ఉంది. కొట్లాడితే బాగుండేది. కొట్లాడే పిల్లను కసిరి ఒక దారిన పెట్టొచ్చు. తలవంచిన పిల్లను ఏం చేస్తం? అడగనని మాటిచ్చిన పిల్ల నిజంగానే ఎన్నడూ అడగదు, వసంతకు తెలుసు, అది తన బిడ్డ. పదేండ్లకైనా, ఇరవై ఏండ్లకైనా నోరు తెరవదు. అప్పుడు ఆ ముల్లు ఎవ్వరి దగ్గరుంటది?

మేడిపల్లిలో బస్సు ఆగి ఇంకా మంది ఎక్కిన్రు, అందరూ ఆడోళ్ళే, అందరి చేతుల్లో ఫ్రీ టికెట్‌కు చూపించే ఆధార్ కార్డులు. కండక్టరు టికెట్లు కొట్టలేక అలిసిపోయి, "జరుగున్రమ్మా, మీ పుణ్యముంటది, ముందట గింత జాగ ఉన్నది," అంటున్నడు. ఒకామె మోచెయ్యి తగిలి ఒళ్ళోని సంచి జారబోయింది. వసంత గట్టిగ పట్టుకుంది. నల్ల కవరు గట్టితనం చేతికి తగిలింది. ఈ కవరే కదా అంతకూ మూలం. పాత పుస్తకం, అట్ట ఊడిపోతున్నదని వర్ష దాన్ని వాక్యపుస్తకాలకు, అంటే బైబిళ్ళకు, వేసే జిప్పు కవరులో పెట్టింది. సంఘంలో కొన్న కవర్లు, ఇంట్లో రెండు ఒక్క తీరుగ ఉంటయి. ఒకటి అత్తమ్మది. అత్తమ్మ బుచ్చవ్వకు చదువు రాదు. పెద్దక్షరాల వాక్యపుస్తకం పోశం మామది, ఆయన పోయిన తర్వాత ఆమె దాన్ని ఒక్క ప్రార్థన కూడికకు కూడా మరిచిపోలేదు. ఒళ్ళో తెరిచి పెట్టుకుని మీద చెయ్యి వేసి వింటది. పేజీ తీసిచ్చేది పక్కన కూర్చునే రమణ, సంఘంలో వసంత కంటే చిన్నది.

పోయిన మంగళవారం ఆడోళ్ళ కూడిక రమణ ఇంట్లోనే. రమణ అలవాటుగ అత్తమ్మ కవరు జిప్పు లాగింది, పేజీ తీయబోయి ఆగిపోయింది. "అవ్వా, గిదేం పట్టుకొచ్చినవే? జంతుశాస్త్రం!" చాపల మీద కూర్చున్న ఆడోళ్ళంతా పడీ పడీ నవ్విన్రు. వసంతకు నేల చీలితే బాగుండునని అనిపించింది. అత్తమ్మ మాత్రం చెక్కు చెదరలేదు. తెరిచిన పేజీ మీద చెయ్యి వేసి, అలవాటైన చోటు వెతుకుతున్నట్టు తడిమి, "గీ బొమ్మేంది?" అన్నది. ఎరుపూ నీలమూ కలిసిన బొమ్మ. "గుండె అవ్వా." "ఎవ్వలది?" "ఎవ్వలదైనా గట్లనే ఉంటదట." "మరి జంతువులదని అంటిరి?" మళ్ళీ నవ్వులు. అప్పుడు మూలనుంచి వర్ష లేచి వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. పిడికిలి మూసి చూపించింది. గుండె గింతే ఉంటదవ్వా, గింత దాంట్లనే నాలుగు అర్రలు. పైన రెండు, కింద రెండు. పైన అర్రల్లకు నెత్తురు వస్తది, కింది అర్రల్లోంచి పోతది. నడుమ తలుపులుంటయి, ఒక్క దిక్కుకే తెరుచుకుంటయి, పోయిన నెత్తురు మళ్ళ ఎనుకకు రాకుండ.

"నాలుగు అర్రలా?" అన్నది అత్తమ్మ. ఆమె పుట్టింది ఒక్క అర్ర ఇంట్లో, కోనరావుపేట దగ్గర. పెండ్లయి వచ్చింది కూడా ఒక్క అర్ర ఇంట్లోకే. కొడుకు గల్ఫ్ పోయిన తర్వాతనే రెండో అర్ర వేసిన్రు. "పిడికెడు ఇంట్ల నాలుగు అర్రలు, తలుపులు గూడ వెట్టిండు. మరి మనకెందుకు చెప్పకపోయిండు?" అన్నది. ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. వర్ష బొమ్మలో గుండె మీది సన్న గీతలు చూపించి మెల్లగ అన్నది, "గీ పైపులు మూసుకపోతె గుండెకు నెత్తురందదు అవ్వా. గప్పుడు ఎడమ చెయ్యి గుంజుతది, చెమటలు పడ్తయి."

వసంత కిటికీలోంచి బయటికి చూసింది. ఇక్కడిదాకా వచ్చి ప్రతిసారీ మనసు వెనుకకు తిరుగుతున్నది. ఈసారి తిరగనియ్యలేదు. అత్తమ్మ ముఖం అప్పుడు ఎట్లయిందో ఇప్పుడు చూసినట్టే కనబడింది. "చెమటలా?" అన్నది. "మీ తాతకు గట్లనే చెమటలు పట్టె." పసుపు ఉడకబెట్టే కళ్ళం కాడ మామ ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయిండు. గ్యాసన్నరు. సోడా తాపిన్రు. ఆటో వచ్చేసరికి అయిపోయింది. ఇదంతా వసంతకు తెలిసిన కథే. తెలియంది ఇంకొకటి ఉంది. "గా పొద్దున నేను సద్ది కట్టిచ్చిన బిడ్డా. పాత పులుసు పోసి. గదే పొట్టల ఇరగబడ్డదని అన్నరు అందరు. గా సద్దితోని కాదా?" అత్తమ్మ మనుమరాలి చెయ్యి పట్టుకుంది. "కాదవ్వా," అన్నది వర్ష. "సద్దితోని కాదు. పైపు మూసుకపోయింది. గది ఒక్క రోజుల అయ్యేది కాదు." "నిజంగ?" "నిజంగ అవ్వా. గిండ్ల రాసి ఉన్నది." అత్తమ్మ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి, వాక్యం మీద పెట్టినట్టే పెట్టి, తలవంచింది. రమణ స్తోత్రం అన్నది. ఆ తర్వాత అందరూ ఒక్కొక్కరు అన్నరు. తమ దగ్గు గురించి, ఊపిరి గురించి వర్షను అడిగిన్రు, తంబాకు దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని వర్ష చెబితే విన్నరు. కూడిక ముగిసేసరికి చెప్పాల్సిన వాక్యం చెప్పనేలేదు. ఆ కబురు జగిత్యాల దాకా పోయింది. శ్రీలతక్క ఫోన్ చేసి కోపం చేయలేదు, బాధగ అన్నది, "వాక్యం బదులు బడిపుస్తకం చదివిన్రట కద చెల్లె. వచ్చేటప్పుడు దాన్ని పట్టుకరా, నేనొకసారి చూస్త."

పన్నెండేండ్లు. పన్నెండేండ్ల సంది ఆ ఇంట్లో సద్ది లేదు. పొద్దుగూకంగనే మిగిలిన అన్నం ఎవ్వరికో పెట్టి వచ్చేది అత్తమ్మ, కుక్కకైనా వేసేది. ముసలిదాని చాదస్తం అని వసంత ఎన్నిసార్లు విసుక్కుందో. ఎండాకాలం పొద్దున వసంతకు సద్దన్నం తినాలని ప్రాణం లాగేది, అడిగితే అత్తమ్మ ముఖం తిప్పుకునేది. ఒక్క ఇంట్లో, ఒక్క కుండలోది తింటూ, ఒక్క చాపమీద మోకాళ్ళూని, ఆ బరువు పక్కనే ఉన్నా వసంతకు తెలియలేదు. ఎన్ని ప్రార్థనలు చేసిన్రు ఇద్దరు కలిసి! దేవునికి తెలుసు కదా, ఆయనెందుకు ఇన్నేండ్లు ఊరుకున్నడు? ఊరుకున్నడా, లేకపోతే ఈ పిల్ల చదువు నేర్చి, ఈ పుస్తకం సిరిసిల్లలో మగ్గం గుడ్డలో మూటగట్టబడి, ఈ నల్ల కవరులో దూరి, చదువురాని చేతికి అందే దాకా ఆగిండా? అట్ల కాకపోవచ్చు కూడా. ఆయన లెక్క నాకేం తెలుసు. కానీ ఇయ్యాల పొద్దున జరిగింది మాత్రం నేను చూసిన. ఆ మాట దగ్గర మనసు ఆగింది, బస్సు ఆగినట్టే. పొద్దున వసంత జడ వేసుకుంటుంటే అత్తమ్మ గడప దగ్గర గిన్నె పెట్టుకుని కూర్చుంది. రాత్రి అన్నం, గంజి, పక్కన ఉల్లిగడ్డ. తింటున్నది. ఎవ్వరి దిక్కూ చూడకుండా, తొందర లేకుండా, చిన్నపిల్లలాగ వేళ్ళు నాక్కుంటూ. వసంతను చూసి, "ఏం సూస్తున్నవు? సల్లగున్నది. నువ్వు గింత తినిపో," అన్నది. తిన్నరు ఇద్దరు. ఒక్క గిన్నెలో. ఆ తర్వాత, "నువ్వు జడేసుకో, సంచి నేను సదురుత," అని లేచింది.

చల్‌గల్ మామిడి మార్కెట్టు దాటింది, సీజనైపోయి ఖాళీగ ఉంది. వసంత కండ్లల్లో నీళ్ళు, తుడుచుకుందామంటే భుజం మీద పిల్ల తల. కారనిచ్చింది. ఎందుకు ఏడుస్తున్నదో అడిగితే చెప్పలేదు, దుఃఖం మాత్రం కాదు. స్తోత్రం తండ్రీ. సద్దికి స్తోత్రం. నీలకు, అన్నకు, మగ్గాలకు స్తోత్రం. శ్రీలతక్కకు, ఆమె మోసుకొచ్చిన మంచు బొమ్మల పుస్తకాలకు స్తోత్రం. ఆ సెట్టులో ఇంగ్లీషు నేర్పే పుస్తకం ఒక్కటి ఉంచుకుంటం, పిల్లకు ఇంగ్లీషు కావాలె, చదివి నాకు తెలుగులో చెప్తది. మిగిలినవి ఇంకో పిల్లకు పనికొస్తయి. జీవపరిణామం పాఠం వచ్చినప్పుడు నేను చాట పక్కకు పెట్టి కూర్చుంట. దానికి తెలియంది నాకూ తెలియదు, ఇద్దరం కలిసి నిన్నే అడుగుతం.

"వర్షా. బిడ్డా, లే. జగిత్యాలొచ్చింది."

వర్ష కండ్లు నులుముకుంది. "ఏమైందమ్మా, ఏడుస్తున్నవా?"

"బైపీసీ రాయిద్దాం."

పిల్ల తల్లి చీర కొంగు తీసుకుని తల్లి ముఖం తుడిచింది, తర్వాత అదే కొంగుతో తన ముఖం కూడా తుడుచుకుంది. సరోజన కొబ్బరికాయలు సర్దుకుంటూ, "దిగున్రే ఇగ, బస్సుల కూసోని ఏడ్సుడేంది," అంటూ తన ముక్కు కూడా ఎగబీల్చుకుంది.

శ్రీలతక్క చెప్పినట్టే పుస్తకాల షాపు ముందు నిలబడి ఉంది. వందనాలు చెప్పుకున్నరు. ఆమె నోరు తెరిచేలోపలే వసంత చెప్పేసింది, ఆగితే ధైర్యం చాలదని. బైపీసీ అక్కా. తెలుగుల. ఇంగ్లీషు నేర్పే పుస్తకం మాత్రం మీదే ఉంచుకుంటం, మిగిలినయి ఇంకెవ్వలకన్న ఇయ్యున్రి. నా మీద కోపం చెయ్యకున్రి. శ్రీలతక్క ముఖం కొంచెం చిన్నబోయింది, అయినా నవ్వింది. "కోపమెందుకు చెల్లె. భయం, గంతే. ఏదీ, ఆ పుస్తకం ఇయ్యి, మీ అవ్వ వాక్యం అనుకున్నదాన్ని చూద్దాం."

వసంత సంచిలోంచి నల్ల కవరు తీసి ఇచ్చింది. శ్రీలతక్క జిప్పు లాగింది, తెరిచింది, ఒక పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. పెద్ద పెద్ద అక్షరాలు. పేజీల నడుమ గుర్తుకు పెట్టిన బీడీకట్ట లేబులు, పోశం మామ పెట్టింది. వాక్యపుస్తకం.

ఇయ్యాల కూడిక రమణ ఇంట్లోనే, వసంత ఫోన్ తీసి ఆమెకు చేసింది. అవతలి నుంచి ముందు నవ్వులే వినబడ్డయి. "అవ్వ పొద్దుగాలనే పట్టుకోనొచ్చింది అక్కా. పోయినవారం గుండె అయిందట, గీవారం కన్ను పాఠం సదవాల్నట. వర్ష లేదుగదవ్వా అంటె, నువ్వు సదువు, అక్షరాలు గవ్వేగద అంటున్నది. వాక్యం సదివినం ముందుగాల, ఫికర్ పడకు. నా పుస్తకంల సదివినం."

"అత్తమ్మకియ్యి ఫోన్," అన్నది వసంత. "అత్తమ్మా, పుస్తకం మార్చినవానె?"

"నాకేమెరుక బిడ్డా, నాకు సదువస్తదా?" అన్నది బుచ్చవ్వ. "రెండు నల్లగనే ఉండె."

శ్రీలతక్క ఫోన్‌లో మాటలన్నీ వింటున్నది. ముందు పెదాలు బిగించింది, తర్వాత చేతిలోని పెద్దక్షరాల పేజీ చూసింది, తర్వాత నవ్వు ఆపుకోలేక ఆ పుస్తకాన్నే ఛాతీకి ఆనించుకుని నవ్వింది. "పదున్రి," అన్నది కండ్లు తుడుచుకుంటూ, "సెంటర్ల మంది ఎక్కువైతరు. గిదే చేతిల పట్టుకోని ప్రార్థన చేసుకుందాం, గక్కడున్న బడిపుస్తకాన్ని అవ్వ చూసుకుంటది."

"వసంతా, ఉన్నవా?" ఫోన్‌లో బుచ్చవ్వ గొంతు ఇంకా గట్టిగ. "రమణకు సరిగ సమజైతలేదు. కన్నుకు ఎన్ని అర్రలో పిల్లనడుగు."

వర్ష తల్లి చేతిలోని ఫోన్ మీదికి వంగింది, బస్సుల హారన్ల నడుమ గొంతు పెంచి చెప్పింది. "రెండవ్వా. ముందటి అర్రల నీళ్ళుంటయి."